ఇరవై అంటే రెండు కాదు మామా!

మొన్న వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే గోరంట్ల నుంచి ఫోను. మా మేనమామ. ఆయన ఫోను చేశాడంటే వాన సంగతైనా అయ్యుండాలి, బోరు సంగతైనా అయ్యుండాలి. ఆ రోజు రెండోది.

"ఏమప్పా, బాగుండావా? బోరు అయిపోయినట్లుందప్పా. మల్బరీ తోటలో కొస సాళ్లకు నీళ్లు అందల్యా. పురుగు నాలుగో జ్వరం లేచింది. ఆకు చూస్తే వాడిపోతాంది. ఇంకో బోరు ఏపిద్దామని పాయింటు పెట్టిచ్చినా. మంగళవారం బండి వస్తాది."

పట్టుపురుగుల పెంపకం తెలిసినవాళ్లకు ఈ మాటల్లోని కంగారు చెప్పకుండానే అర్థమవుతుంది. తెలియనివాళ్లకు ఒక్క మాట. పురుగు తన జీవితంలో తినే ఆకులో ఎనభై శాతానికి పైగా నాలుగో జ్వరం లేచిన తర్వాత, చివరి వారం రోజుల్లోనే తింటుంది. అప్పుడు ఆకు చాలకపోతే గూళ్లు పలచబడతాయి. హిందూపురం మార్కెట్లో గూడును వేళ్ల మధ్య నొక్కి చూసేవాడు ఆ పలచదనాన్ని ఇట్టే పసిగడతాడు.

ఇక బోరు. మా ప్రాంతంలో బోరు వేయించడమంటే లక్ష రూపాయలు దాటిన జూదం. పడితే నీళ్లు, పడకపోతే దుమ్ము. మామ పొలంలో అప్పటికే మూడు ఎండిన బోర్లున్నాయి. నాలుగోదాని మీద బతుకుతున్నారు. ఐదోదానికి అప్పు ఎక్కడ పుట్టిందని నేను అడగలేదు. అడిగితే ఆయన చెప్పడు.

బెంగళూరులో బస్సెక్కి, పాలసముద్రం దగ్గర పెద్దరోడ్డు దిగి, మధ్యాహ్నానికి ఊరు చేరాను. అత్త పెట్టిన సంగటి తిని, మామతో కలిసి తోటకు పోయాను.

రెండు వరసల అంకెలు

తోట మొదట్లో ఫిల్టరు, దాని ముందు ఒక వాల్వు, ఆ రెండింటి మధ్య గడియారంలాంటి ప్రెషరు మీటరు. పాతది చెడిపోతే రెండు వారాల క్రితమే కొత్తది బిగించారట. ముల్లు 20 దగ్గర నిలబడి ఉంది.

"మెకానిక్కు రెండు మింద ఉండాల అన్న్యాడు. నేను వాల్వు తిప్పి సరిగ్గా రెండు మిందకి తెచ్చినా. నిన్ను గూడా అడిగితి గదా?"

అడిగాడు. పది రోజుల క్రితం నేను ఆఫీసులో ఏదో పనిలో ఉండగా ఫోను చేసి, "ముల్లు ఇరవై మింద ఉండాది, రెండు అంటే అదే గదా?" అన్నాడు. "అదే మామా" అన్నాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ని. పరీక్షల్లో ఒత్తిడి ప్రమాణాలను ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే లెక్కలు పేజీలకు పేజీలు చేసినవాణ్ని. ఒక్క క్షణం ఆగి, "ఏ ఇరవై మామా? బయటి అంకెలా, లోపలి అంకెలా?" అని అడగలేదు.

ఇలాంటి మీటరు మీద రెండు వరసల అంకెలుంటాయి. బయటి వరసలో పెద్ద నల్ల అంకెలు 20, 40, 60 అని పోతాయి. అవి పీఎస్ఐలు, అంటే చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్ల బరువు అని. లోపలి వరసలో చిన్న ఎర్ర అంకెలు 1, 2, 3 అని ఉంటాయి. అవి కేజీలు, అంటే చదరపు సెంటీమీటరు మీద ఎన్ని కిలోల బరువు అని. మెకానిక్కు చెప్పిన రెండు ఈ లోపలి వరసలోది. అరవై ఐదేళ్ల మామ కంటికి లోపలి ఎర్ర అంకెలు ఆనలేదు. 20 లో ఎక్కడో ఒక చుక్క ఉండి, అరిగిపోయి ఉంటుందని అనుకున్నాడు.

ఒక కేజీ అంటే 14.2 పీఎస్ఐ. కాబట్టి రెండు కేజీలంటే 28 దాటి ఉండాలి. కొత్త మీటరు పెట్టిన రోజు ముల్లు అక్కడే ఉండిందట. మామే వాల్వు బిగించి, 20 కి దించాడు. 20 పీఎస్ఐ అంటే 1.4 కేజీలు. పోయింది 0.6 కేజీ.

ఆ ఆరు మీటర్లు

0.6 కేజీ అంటే వినడానికి చిన్నమాటే. దాన్ని నీటి ఎత్తులోకి మార్చి చూడండి. ఒక కేజీ ఒత్తిడి అంటే పది మీటర్ల నీటి స్తంభం. ఆ లెక్కన మామ పోగొట్టుకున్నది ఆరు మీటర్ల ఎత్తు. రెండంతస్తుల మిద్దె మీదున్న నీళ్ల ట్యాంకును దించి నేల మీద పెట్టినట్టు.

ఇప్పుడు తోటలో ఏం జరిగిందో చూద్దాం. రెండు కేజీలతో బయలుదేరిన నీటిలో ఫిల్టరు సుమారు 0.4 కేజీ తినేస్తుంది. పొడవాటి పైపులో రాపిడి ఇంకో 0.3 తింటుంది. మామ తోట కొస మూడు మీటర్లు మెరకలో ఉంది, దానికి మరో 0.3. చివరి సాలుకు సరిగ్గా ఒక కేజీ మిగులుతుంది. డ్రిప్పరు మీద గంటకు నాలుగు లీటర్లు అని రాసి ఉందంటే అది ఆ ఒక కేజీ దగ్గర ఇచ్చే లెక్క.

1.4 తో మొదలుపెట్టి అవే ఖర్చులు తీసేయండి. దగ్గరి సాళ్లకు ఒక కేజీ అందుతుంది. అందుకే అవి పచ్చగా ఉన్నాయి. కొస సాలుకు మిగిలేది సుమారు 0.4. మామూలు డ్రిప్పరులో నీరు ఒత్తిడితో సమానంగా తగ్గదు, దాని వర్గమూలం ప్రకారం తగ్గుతుంది. కాబట్టి నాలుగు లీటర్లు ఇవ్వాల్సింది రెండున్నర లీటర్లు ఇస్తుంది. కరెంటున్న మూడు గంటల్లో మొక్కకు 12 లీటర్లు అందాల్సింది ఏడున్నరే అందింది. అలా పది రోజులు, అదీ మే నెల ఎండలో!

దగ్గరి సాళ్లు బాగుండి కొస సాళ్లు వాడితే రైతుకు ఏమనిపిస్తుంది? బోరులో నీళ్లు తగ్గాయనే అనిపిస్తుంది. అనంతపురం ప్రాంతంలో ఆ అనుమానం పదిసార్లకు తొమ్మిదిసార్లు నిజమవుతుంది కూడా. ఈసారి తప్పు భూమిలో లేదు, మీటరు చదివిన కళ్లలోనూ లేదు. ఫోనులో తొందరపడ్డ నా నోట్లో ఉంది.

మామ చేతే వాల్వు తిప్పించాను. ముల్లు మెల్లగా 28 దాటింది. మేం కొస సాలు దాకా నడిచి వెళ్లేలోగా అక్కడ చుక్కల వేగం మారింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

బావిలోకి దిగిన ఇంజను

ఒత్తిడిని నీటి ఎత్తుతో కొలవడం మామకు కొత్తేమీ కాదు. ఆయన చిన్నప్పుడు మా తాతల బావి మీద కపిల తోలేవాళ్లు. తర్వాత ఆయిలింజను వచ్చింది. దాన్ని మొదట బావి గట్టున పెట్టారు. నీళ్లు కిందికి పోయేకొద్దీ బావి గోడలో మెట్టు తొలిచి ఇంజనునూ దించారు. ఇంకా పోతే ఇంకో మెట్టు. ఎందుకలా? ఇంజను ఎంత పెద్దదైనా ఇరవై అడుగులు దాటితే నీళ్లు లాగడానికి మొరాయించేది.

సరిగ్గా ఇదే తకరారు నాలుగు వందల ఏళ్ల క్రితం ఇటలీలో బావుల దగ్గర వచ్చింది. పంపు పద్దెనిమిది మూరలకు మించి నీటిని పీల్చడం లేదని గెలీలియో 1638 లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఆయన శిష్యుడు టోరిచెల్లి ఆ చిక్కుముడి విప్పాడు. పంపు నీటిని లాగదు, తనలోని గాలిని మాత్రమే తీసేస్తుంది. బయట నీటిని నొక్కుతున్న గాలే దాన్ని పైకి తోస్తుంది. ఆ గాలి తోయగలిగినంతే ఎత్తు. నీటితో ప్రయోగం చేయాలంటే పది మీటర్ల గొట్టం కావాలి కాబట్టి నీటికంటే 13.6 రెట్లు బరువైన పాదరసం తీసుకున్నారు. అది 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. ఆసుపత్రిలో ఈనాటికీ మన బీపీని పాదరసం మిల్లీమీటర్లలో చెబుతున్నారంటే మూలం అక్కడే ఉంది.

ఫ్రాన్సులో పాస్కల్ ఇంకో అడుగు వేశాడు. గాలి బరువే కారణమైతే కొండ మీద పాదరసం తగ్గాలి కదా అన్నాడు. 1648 సెప్టెంబరులో ఆయన బావగారు పెరియే గొట్టం పట్టుకుని ప్యూ ద దోమ్ కొండ ఎక్కితే, నిజంగానే తగ్గింది.

మన గోరంట్ల కూడా సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైనే ఉంది. సముద్రతీరంలో గాలి నీటిని 10.3 మీటర్లు నిలబెట్టగలిగితే, మా పీఠభూమి మీద 9.6 మీటర్ల దగ్గరే ఆగుతుంది. పంపులోని లోపాలు, పైపు రాపిడి పోను ఆరేడు మీటర్లు మిగిలితే గొప్ప. మా తాతలు బావి గోడలో తొలిచిన మెట్లు ఆ లెక్క ప్రకారమే తొలిచినవి, లెక్క పేరు తెలియకపోయినా.

బోర్లు వచ్చాక పీల్చే పంపులు పనికిరాకుండా పోయాయి. మోటారునే నీళ్లలోకి దించి, కింది నుంచి తోయించడం మొదలైంది. తోయడానికి హద్దు లేదు, ఖర్చు మాత్రం ఉంది. 500 అడుగుల నుంచి నీటిని పైకి తోయాలంటే మోటారు దగ్గర 15 కేజీల ఒత్తిడి కావాలి.

ఒకే మీటరులో మూడు కాలాలు

అసలు ఒక్క ఒత్తిడికి ఇన్ని కొలతలు ఎందుకు? ఒక్కోటీ ఒక్కో కాలంలో వచ్చి, వెళ్లకుండా ఉండిపోయింది. పౌండ్లు, అంగుళాలు తెల్లవాళ్ల ఇంజన్లతో వచ్చాయి. 1956 లో మన దేశం చట్టం చేసి మెట్రిక్ పద్ధతికి మారింది. అప్పుడు కేజీలు, సెంటీమీటర్లు వచ్చాయి. 1971 లో అంతర్జాతీయంగా పాస్కల్ పేరును ఒత్తిడి ప్రమాణానికి పెట్టారు. పాత అద్దెదారు ఖాళీ చేయకుండానే కొత్త అద్దెదారు దిగినట్టు, మూడూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాయి. పంక్చరు షాపులో పీఎస్ఐ, పైపుల షాపులో కేజీ, ఆసుపత్రిలో పాదరసం, వాతావరణ వార్తల్లో హెక్టాపాస్కల్.

పాస్కల్‌తో ఒక తంటా ఉంది. అది మరీ చిన్నది. బల్ల మీద పడుకోబెట్టిన ఒక తెల్లకాగితం బల్లను నొక్కే ఒత్తిడి ఒక పాస్కల్‌కు కొంచెం తక్కువ. అందుకే పైపుల మీద మెగాపాస్కల్, అంటే పది లక్షల పాస్కల్‌లు, అని ముద్రిస్తారు. ఒక మెగాపాస్కల్ దాదాపు పది కేజీలు. మన రైతులు ఆరు కేజీల పైపు, నాలుగు కేజీల పైపు అని అడుగుతారు. షాపువాడు 0.6 అని ముద్రించిన పైపు ఇస్తే, "నేనడిగింది ఆరు, ఇది అర చిల్లర" అని వెనక్కిచ్చినవాళ్లను చూశాను. రెండూ ఒకటే. 0.6 ని పదితో గుణిస్తే ఆరు.

చదువులేని రైతులు గనక ఇలా పొరబడ్డారని ఎవరైనా అనుకుంటే ఒక కబురు. 1999 లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారకుడి దగ్గరకు పంపిన నౌక ఒకటి చివరి నిమిషంలో మాయమైంది. ఒక బృందం బలాన్ని పౌండ్లలో లెక్కగట్టి ఇచ్చింది. ఇంకో బృందం ఆ అంకెలను న్యూటన్లనుకుని వాడింది. పన్నెండున్నర కోట్ల డాలర్ల నౌక కుజగ్రహానికి మరీ దగ్గరగా వెళ్లి నాశనమైంది. అక్కడ కూడా అంకె తప్పు కాదు. అంకె పక్కనుండే మాటను ఎవరూ చదవలేదు.

చొక్కా జేబులో పెట్టుకునే లెక్క

ఈ కింది నాలుగు ముక్కలు కత్తిరించి మోటారు షెడ్డులో అంటించుకుంటే పనికొస్తాయి.

ఒకటి. ఒక కేజీ = పది మీటర్ల నీరు = 33 అడుగులు = 14.2 పీఎస్ఐ. నీళ్లున్న లోతు అడుగుల్లో తెలిస్తే 33 తో భాగించండి, కేజీలు వస్తాయి. పీఎస్ఐని 14 తో భాగించినా కేజీలే వస్తాయి.

రెండు. బార్, కేజీ, వాతావరణ పీడనం అనేవి అన్నదమ్ములు. ఒక బార్ 1.02 కేజీ, ఒక వాతావరణం 1.03 కేజీ. పొలంలో మూడింటినీ ఒకటే అనుకోవచ్చు. ప్రయోగశాలలో, పరీక్ష కాగితంలో అనుకోకూడదు.

మూడు. మీటరు సున్నా చూపిస్తే ఒత్తిడి లేదని కాదు, బయటి గాలితో సమానంగా ఉందని. పంక్చరైన టైరులో కూడా గాలి ఉంటుంది. పిల్లలు ఇంజనీరింగ్ లెక్కల్లో మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. మీటరు చూపే రెండుకు బయటి ఒకటి కలిపితేనే అసలు ఒత్తిడి.

నాలుగు. బోరు లోతు మనం అడుగుల్లో చెబుతాం. మోటారు రేకు మీద హెడ్డు మీటర్లలో ఉంటుంది. కొనేముందు 3.28 తో లెక్క కట్టించుకోండి. హెడ్డు చూడాల్సింది మోటారు దించిన లోతును బట్టి కాదు, మోటారు ఆడేటప్పుడు నీళ్లు నిలిచే లోతును బట్టి. ఎండాకాలంలో ఆ మట్టం దిగుతుంది, అదే మోటారు తక్కువ నీళ్లు పోస్తుంది.

బండి రాలేదు

సోమవారం పొద్దున మామ బోరు బండివాళ్లకు ఫోను చేసి, వద్దన్నాడు. ఇచ్చిన అడ్వాన్సులో సగమే వెనక్కి వచ్చింది. వాడిన సాళ్ల ఆకు ఆ పంటకు పనికిరాలేదు. పక్క తోటవాళ్ల దగ్గర నాలుగు రోజులు ఆకు కొన్నారు. ఆ డబ్బు నేనిస్తానంటే అత్త తీసుకోలేదు. గూళ్లకు అనుకున్నంత ధర రాలేదు గానీ, కొత్త అప్పు మాత్రం నెత్తిన పడలేదు.

ఈ బోరు ఎప్పటికీ ఉంటుందని నేను చెప్పడం లేదు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఒక ఏడాది వానంతా ఇంకకుండా, ఆవిరి కాకుండా పొలంలో నిలబడిందనుకోండి. అది నేల మీద పెట్టే ఒత్తిడి 0.055 కేజీ. మోటారు 500 అడుగుల నుంచి తోసే ఒత్తిడి 15 కేజీలు. అంటే దాదాపు రెండు వందల డెబ్బై ఏళ్ల వాన ఒకదాని మీద ఒకటి పేరిస్తే వచ్చేంత ఎత్తు నుంచి మనం రోజూ నీళ్లు తోడుకుంటున్నాం. ఈ లెక్క మామకు చెబితే, "అది నాకు తెలుసప్పా, నీ మాదిరి లెక్క కట్టడం రాదు గానీ" అన్నాడు.

మనవరాలి గోళ్ల రంగు తెచ్చి, మీటరు అద్దం మీద 28 దగ్గర ఎర్ర గీత గీశాం. ఇప్పుడు పౌండ్లూ కేజీలూ అక్కర్లేదు, ముల్లు గీత మీద ఉంటే చాలు.

బస్సెక్కించడానికి వస్తూ దారిలో మామ అడిగాడు: "మొన్న ఆసుపత్రిలో నా బీపీ నూటయాభై అన్న్యారు. అది ఎన్ని కేజీలప్పా?"

ఈసారి తొందరపడలేదు. పాదరసం మిల్లీమీటర్లు కదా అని, 736 తో భాగించి మరీ చెప్పాను. "రెండు వందల గ్రాములు మామా."

ఆయన నడక ఆపి నా మొహంలోకి చూశాడు.

"ఇన్నూరు గ్రాములకా, దినామూ రెండు మాత్రలు?"